మంగళవారాల అవ్వ

ఆమె పోయిన మూడో రోజు నేను పెనుకొండకు పోయాను. వాకిట్లో చాప మీద కూర్చున్న ఆడవాళ్లు నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మీకేమవుతాది మేడం?" అని అడిగారు. ఆ ప్రశ్న వెనకాల ఇంకో ప్రశ్న నక్కి ఉందని నాకు తెలుసు. హిందూపురం నుంచి బస్సెక్కి వచ్చి, మంగలి వాళ్లింటి ముసలామె కోసం కొంగుతో ముక్కు తుడుచుకుంటున్న ఈమె ఏమోళ్లు, ఏ కులం అని. ఆ రెండో ప్రశ్నకు నేను ఇన్నేళ్లలో ఎవరికీ జవాబు చెప్పలేదు, చెప్పను కూడా. మొదటిదానికి మాత్రం ఉన్న మాటే చెప్పాను.

"నాకు కత్తి నూరడం నేర్పింది."

చాప మీద వాళ్లు నాకు కొంచెం దూరంగా జరిగారు.

మనుషులు జరగడం నాకు కొత్త కాదు. ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినన్నాళ్లూ స్టాఫ్ రూంలో నా పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. చివరికి యాజమాన్యంతో జగడమాడి, మానేసి, ఇప్పుడు ఇంట్లో ట్యూషన్లు చెబుతున్నాను. నాతో వాదించి గెలిచినవాళ్లు తక్కువ. నన్ను నోరు మూసుకోమని చెప్పి, నిజంగా మూయించి, అరగంట సేపు కూర్చోబెట్టిన మనిషి మాత్రం ఈ భూమ్మీద ఒక్కతే. ఆమె పేరు నాకు తెలుసు. రాయను. పేరు గురించి మా ఇద్దరికీ ఒక తగాదా జరిగింది, అందులో ఆమె గెలిచింది. కాబట్టి అవ్వ అనే అంటాను.

అవ్వ పొట్టి మనిషి. బుగ్గలో ఎప్పుడూ వక్కాకు. ఎడమ చేతి మీద, మణికట్టు నుంచి జానెడు మేర, ఒక్క నూగు వెంట్రుక కూడా ఉండేది కాదు. మొదటిసారి చూసినప్పుడు కాలిన మచ్చేమో అనుకున్నాను. కాదు. యాభై ఏళ్ల పాటు నూరిన ప్రతి కత్తినీ ఆమె అక్కడే ఆనించి చూసుకుంది.

నేను ఆమె దగ్గరికి చేరడానికి కారణం మా నాయన గడ్డం.

మా నాయన పెనుకొండ రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తాగా ఇరవై ఏళ్లు చేశాడు. రోజూ పొద్దున్నే మేకుకు అద్దం తగిలించుకుని, కొమ్ము పిడి ఉన్న మడత కత్తితో తన గడ్డం తనే గీసుకునేవాడు. నెలకొకసారి దాన్ని బజారులో ఒక మంగలి షాపులో ఇచ్చి నూరించుకునేవాడు. తిరిగి తెచ్చుకున్న మరునాడు చెంప తడుముకుంటూ, "షాపాయన చెయ్యి మామూలు చెయ్యి కాదబ్బా" అని రోజంతా అంటుండేవాడు. రిటైరై హిందూపురంలో మా ఇంటికి వచ్చాక కూడా, కత్తి నూరించడానికి నెలనెలా రైలెక్కి పెనుకొండ పోయేవాడు. ఊళ్లో సానపట్టేవాళ్లు లేరా అంటే నా వైపు జాలిగా చూసేవాడు.

మూడేళ్ల కిందట ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట నిలబడింది, మొండితనం నిలబడింది, గడ్డం పెరిగింది. ట్రిమ్మర్ కొనిచ్చాను. "చీమలు పాకినట్లుండాది. మొదళ్లు ఆడ్నే ఉండాయి" అన్నాడు. సెలూన్ నుంచి ఒకతన్ని పిలిపించాను. అతను సగం బ్లేడు తగిలించిన కత్తితో గీస్తే, వదులైపోయిన చర్మం మీద మూడు చోట్ల రక్తం వచ్చింది. కొమ్ము పిడి కత్తి ఇచ్చి దీంతో గీయమంటే, "ఇది మాకు రాదు మేడం, మా తాతలకు వచ్చు" అని దండం పెట్టి పోయాడు.

అదే సమయంలో మా అన్న కూతురి పెళ్లి కుదిరింది, ధర్మవరంలో. చిన్నప్పుడు ఆ పిల్లకు అక్షరాలు నేర్పింది నాయనే. టికెట్ల వెనకాల అ ఆలు రాయించి. "ఈ మొగంతో నేను రాను. ఎవురో సన్నాసి బువ్వకొచ్చినాడనుకుంటారు" అన్నాడు. ఆ పిల్ల ఫోన్ చేసి ఏడిస్తే, ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి, ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాకు అది చూడటం చేత కాలేదు. పెళ్లి నాలుగు వారాలుంది. ఆ కత్తికి పదును తేవాలి, గీయడం నేనే నేర్చుకోవాలి.

ఎవరినీ అడగకూడదన్నది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కూరగాయలు తరిగే ఈలపీటను ఎట్లా నూరుతామో అట్లాగే, వెనక వాకిలి మెట్టు మీద నీళ్లు చల్లి కత్తిని రుద్దాను. అంచు మెరిసింది గానీ కాగితం కూడా తెగలేదు. సానరాయికి నూనె పూయాలని ఎక్కడో చదివాను. ఒక రాయి కొని, మా ఇంట్లో ఉన్న వేరుశెనగ నూనె ధారాళంగా పోశాను. మన జిల్లాలో ఏ సమస్యకైనా చేతికందే మందు అదే కదా. రెండు రోజుల్లో నూనె ఆరి, జిగురై, రాయి మీద చెయ్యి పెడితే అంటుకుంది.

అప్పుడు కత్తి బ్యాగులో వేసుకుని పెనుకొండ పోయాను. ఆ రోజు మంగళవారం. షాపు ఉన్నచోట సెల్‌ఫోన్ రిపేర్లు చేస్తున్నారు. ఆయన ఇల్లు అడుగుతూ పోతే, వాకిట్లో శెనక్కాయలు వలుస్తూ అవ్వ కనిపించింది.

"ఆయన ల్యాడు. పోయి నాలుగు నెలలాయె. ఏం పని మా?"

కత్తి తీసి చేతికివ్వబోయాను. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కింద పెట్టు, నేను తీసుకుంటా. కత్తి చేతికి చేతికిస్తే మనిద్దరికీ జగడమొస్తాది."

"నేను యాడుంటే ఆడ జగడమే అవ్వా. దానికి కత్తి అక్కర్లేదు."

ఆమె నవ్వలేదు. కత్తి తీసి, తెరిచి, వెలుతురుకు అడ్డంగా పెట్టి చూసింది. ఆ పైన వాసన చూసింది.

"ఇది టేషన్ సారు కత్తి కదా. ఏం జేసినావు దీన్ని? మెట్టుకేసి రుద్దినావు. సరే. ఈ శెనిగిత్తనాల వాసనేంది? కత్తికి తిరగవాత పెట్టినావేం మా?"

నూనె సంగతి దాటేసి, "మా నాయన నీకు తెలుసా?" అన్నాను.

"మనిషిని నేను చూల్ల్యా. కత్తి తెలుసు. మీ నాయన తొందర మనిషి. మొనతోనే గీకుతాడు, నడమ అంచును తాకనే తాకడు. రైలొచ్చే టయానికి గీక్కుంటాడేమో అనుకుంటా ఉంటి."

అప్పుడు తెలిసింది నాకు. మంగళవారం షాపుకు సెలవు. ఆ రోజు కత్తులన్నీ ఇంటికొస్తాయి. షాపులో వాడేవీ, నాయనలాంటి వాళ్లు నూరడానికి ఇచ్చేవీ అన్నీ. వాటిని నూరేది ఆమె. "ఆయనకు గీకేది బాగొచ్చు. రాయి ముందర కూర్చునే ఓర్పు ల్యా. మంగళారం నాది, మిగతా ఆరు దినాలు ఆయనవి" అంది. మా నాయన ఇరవై ఏళ్లు మెచ్చుకున్న చెయ్యి ఇక్కడ శెనక్కాయలు వలుస్తోంది.

"అయితే నూరియ్యి అవ్వా."

రెండు చేతులూ చాపి చూపింది. సన్నగా వణుకుతున్నాయి. "ఆయన పోయినంక పట్టుకున్యాది ఇది. నేను చెప్తా, నువ్వు నూరు. ఒకటి చెప్తాండా ఇను. ఈ సంగతి మీ నాయనకు చెప్పొద్దు. మనిషి పోయి ఆర్నెల్లు కూడా గాల్యా. ఇప్పుడు ఆయన పేరు తీసేది బాగుండదు."

సరేనన్నాను. నా నోటితో నేను ఒప్పుకున్న అతి కష్టమైన షరతు అది.

నాయన కత్తిని అవ్వ నాకు వెంటనే ఇవ్వలేదు. పగిలిన పిడితో ఉన్న పాత కత్తి ఒకటి ముందు పెట్టి, దీన్ని పాడుచెయ్యి పో అంది. ఆమె రాయి నల్లగా, అరచేయంత, అద్దంలా నున్నగా ఉంది. దాని మీద సబ్బు నీళ్లు చిలకరించి, కత్తిని పడుకోబెట్టమంది. ఈలపీటకు లేపినట్టు లేపకూడదు. మందంగా ఉండే వీపూ, పదునుండే అంచూ రెండూ రాయిని తాకుతూనే ఉండాలి. రాయి మీద అంచు ముందు పోవాలి, రాయి తర్వాత లాగే తోలు పట్టా మీద వీపు ముందు పోవాలి. చివర మలుపు దగ్గర కత్తిని వీపు మీదనే తిప్పాలి.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. ఇంగ నోరు మూసుకో."

"ఎందుకు?"

"సప్పుడు ఇనల్ల. మొదట బియ్యం చెరిగినట్ల వస్తాది. పోను పోను ధర్మవరం చీర మడత ఇప్పినట్ల రావల్ల. నువ్వు మాట్లాడ్తాంటే నాకు నీ సప్పుడే వస్తాది గానీ కత్తిది రాదు."

నేను మూసుకున్నాను. ఆమె మూసుకోలేదు. నేను నూరినంత సేపూ వీధిలో ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం మానేసిందో, ఎవరి గొర్రె ఎవరి పాదులో పడిందో చెబుతూనే ఉంది. మధ్యలో ఉన్నట్టుండి, "ఆ, లేచింది" అనేది. వీపు వెంట్రుకవాసి లేచిందని. మాట్లాడుతూ ఎట్లా వింటావని అడిగితే, "నా సప్పుడు నాకు అలవాటే" అంది.

రెండో మంగళవారానికి నేను వీడియోలు చూసి పోయాను. ఎవడో విదేశీయుడు, గడ్డం నిండుగా పెంచుకున్నవాడు, గడ్డం కత్తి నూరడం ఎట్లాగో చెబుతాడు. ఫోన్ అవ్వ ముందు పెట్టి, చూడు, ఇతను వేరేగా చెబుతున్నాడు అన్నాను. ఆమె ఓపికగా చూసింది.

"వానికి ఎన్ని రాళ్లు?"

"ఐదు. ఒకదాని తర్వాత ఒకటి."

"పాపం, వానికి పొద్దు పోదు" అని ఫోన్ నా ఒళ్లో పెట్టింది.

పేరు తగాదా కూడా ఆ రోజే. షాపు పాత బోర్డు వాళ్ల పెరట్లో గొర్రెపిల్లల గూటికి అడ్డంగా ఉంది. దాని మీద ఆయన పేరూ, కొడుకు పేరూ. కొడుకు హిందూపురంలో ఏసీ సెలూన్ పెట్టాడు, అతనికి ఈ కత్తి తెరవడం కూడా రాదు.

"నీ పేరేదవ్వా ఇందులో?"

"బోర్డు చూస్తే గడ్డం మెత్తబడ్తాదా?"

"అది కాదు. పని నీది, పేరు ఆయనది. దీన్ని మా చదువులో ఏమంటారంటే..."

"ఏమన్నా అనుకోని. వీపు లేసింది చూడు."

నిజంగానే లేచింది. నేను ఆడవాళ్ల శ్రమ గురించి నోరెత్తినప్పుడల్లా వీపు లేచేది. పదిహేనేళ్లు క్లాసులో చెప్పిన పాఠం, ఆ నల్లరాయి ముందు ఒక్క వాక్యం కూడా పూర్తి కాలేదు. చివరికి ఆమే, నా మీద జాలిపడినట్టు, ఒక మాట చెప్పింది.

"పొగిడితే ఆయనకు, తిడితే నాకు. సాయంత్రం ఇంటికొచ్చి, ఫలానా కత్తి పట్టి లాగుతాండాదని అరుస్తాండె. బాగుండాదని ఎవురన్నా అన్న్యారా అని అడిగితే, 'ఆ, అన్న్యారులే' అని బువ్వకు కూర్చుంటాండె." వక్కాకు ఉమ్మేసి వచ్చి, పెద్దగా నవ్వింది. "శానా మంది అన్న్యారని అప్పుడు నాకు తెలుస్తాండె."

ఆ 'అన్న్యారులే' గురించి నాకు వారం రోజులు కోపం తగ్గలేదు. ఆమెకు అసలు కోపమే లేదని చెప్పలేను. అయినా నాచేత తన పేరు ఎక్కడా రాయనని ఒట్టు వేయించుకుంది. "రాస్తే ఊర్లో కత్తులన్నీ ఎత్తుకోని నా వాకిట్లోకే వస్తారు" అంది. ఊళ్లో కత్తులు ఎక్కడున్నాయని ఇప్పుడు? అన్నీ సగం బ్లేడులే. ఆ మాట మాత్రం నేను పైకి అనలేదు.

ఇంటి దగ్గర నా సాధన చూసి నాయనకు కాలక్షేపం దొరికింది. తోలు పట్టాకు ఆయన పాత బెల్టునే కిటికీ చువ్వకు కట్టాను. మొదటి రోజే వీపు ముందు పోవాలన్నది మరిచి అంచు ముందు పోనిచ్చి, బెల్టు సగానికి కోశాను. గీయడం ఎట్లాగో అవ్వకు తెలియదు. "అది ఆయన పని, నన్నడగొద్దు" అంది. అందుకని బెలూన్లు ఊది, సబ్బు నురగ పూసి, వాటికి గడ్డం గీశాను. మొదటి రోజు ఏడు పేలాయి. పేలినప్పుడల్లా మంచం మీది నుంచి నాయన, "ఇంగొకటి పాయె" అని లెక్క పెట్టేవాడు. షాపాయన చనిపోయిన సంగతి ఆయనకు చెప్పాను. "అట్లాంటి చెయ్యి ఇంగ పుట్టదు" అన్నాడు. నేను పెదవి కొరుక్కుని వంటింట్లోకి పోయాను.

మా అన్న ధర్మవరం నుంచి ఫోన్ చేశాడు. "మనింటి ఆడపిల్ల మంగలి కత్తి పట్టేదేంది మే? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగుర్నీ పిలువు. ఒక్కొక్కడూ వచ్చి నాయనకు రోజుకొకసారి గీకి పోనీ. నువ్వు మొదలుపెట్టు."

ఫోన్ పెట్టేశాడు. మా అన్నతో నా వాదనలన్నీ అట్లాగే ముగుస్తాయి.

మూడో మంగళవారం అవ్వ నాయన కత్తిని నా ముందు పెట్టింది. అరగంట నూరాను. తోలు మీద యాభై సార్లు లాగాను. పరీక్షకని నా తలలో వెంట్రుక ఒకటి పీకబోతే ఆపింది. "రంగేసిన వెంట్రుక అబద్ధం చెప్తాది" అని తన తెల్ల వెంట్రుక ఒకటి లాగి ఇచ్చింది. అంచు మీదికి వదిలాను. రెండు ముక్కలై పడింది. నేను వేసిన కేకకు గూట్లో గొర్రెపిల్లలు లేచాయి.

"నడమ తెగింది. మొన కాడ చూడు" అంది అవ్వ. మొన దగ్గర తెగలేదు. "మీ నాయన గీకింది అంతా ఆడ్నే అని చెప్తి కదా. మళ్లా నూరు."

నాలుగో మంగళవారానికి మొన నుంచి మొదలు దాకా ఎక్కడ వదిలినా వెంట్రుక తెగింది. అవ్వ కత్తిని తన ముంజేతి మీద ఆనించి, మడిచి, కింద పెట్టింది. బాగుందా అని అడిగాను. "ఆ, బాగుండాదిలే" అంది. అన్నాక, తను ఎవరిలాగా అన్నదో తనకే తెలిసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

పెళ్లి గురువారం. మంగళవారం నాయన గడ్డం ముట్టనీయడు. కాబట్టి బుధవారం పొద్దున కుర్చీలో కూర్చోబెట్టి, వేడి నీళ్ల తువ్వాలు చుట్టి, సబ్బు పూశాను. నా చెయ్యి వణికితే ఆయన రక్తం, పెళ్లి మాట అక్కడితో సరి. ఆయన కళ్లు మూసుకున్నాడు. కత్తి చెంప మీదికి దించాను. పట్టలేదు, లాగలేదు. నురగతో పాటు పెరిగిన గడ్డమంతా దిగి వచ్చింది. రెండో చెంప సగంలో ఉండగా, కళ్లు తెరవకుండానే నాయన అన్నాడు:

"అదే పదును. ఆయన చెయ్యి అట్లే నీకొచ్చింది చూడు."

నాలుగు మంగళవారాలు మూసిన నోరు అది. ఇంక ఆగలేదు.

"ఆయన చెయ్యి కాదు నాయనా. ఆమెది. ఇరవై ఏళ్లూ నీ కత్తి నూరింది ఆమె."

కళ్లు తెరిచాడు. సగం గడ్డంతో, సగం నురగతో నన్ను చూశాడు. మొత్తం కథ చెప్పేదాకా రెండో చెంప గీయనివ్వలేదు. అంతా విని, "పెండ్లికి పోయేటప్పుడు పెనుకొండలో కారు ఆపల్ల" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆపాము. సందులోకి కారు పోయేసరికి అవ్వ చేతుల దుమ్ము దులుపుకుంటూ వచ్చింది. నాయన ముందు సీట్లో ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తి దండం పెట్టాడు.

"ఇరవై ఏండ్లు మీ ఆయనకు మొక్కినా తల్లీ. అడ్రసు తప్పినట్లుండాది."

అవ్వ నా వైపు కొరకొర చూసింది. "చెప్పేసినావా?"

"నిలవలేదవ్వా."

"నాలుగు మంగళారాలు నిలిచింది. నీకు అదే శానా" అని, నాయన వైపు తిరిగింది. దండాన్ని ఆమె పట్టించుకున్నట్టు లేదు. ఆయన మొహాన్ని చూస్తోంది. మనం మనుషుల మొహాలను చూసే తీరు కాదు అది. వెలుతురుకు అడ్డంగా, పక్క నుంచి, కత్తిని చూసినట్టు.

"చెయ్యి పెట్టొచ్చునా సారూ?"

అరుగుల మీద ఆడవాళ్లు మెడలు సాచారు. నాయన, "నీ పని నువ్వు చూసుకునేదానికి నన్నడిగేదేంది?" అని చెంప ముందుకు పెట్టాడు.

వేళ్ల వెనక భాగంతో చెంప మీద పై నుంచి కిందికి నిమిరింది. తర్వాత కింది నుంచి పైకి, వెంట్రుకకు ఎదురు. కళ్లు మూసుకుంది.

"యాభై ఏండ్లు నూరినా సారూ. బుధారం పొద్దున పదునుగా షాపుకు పోతాది, సోమారం సాయంత్రానికి మొద్దుబారి ఇంటికొస్తాది. నడమన ఏం జరుగుతాదో నేను యాపొద్దూ చూల్ల్యా."

అవ్వ వేళ్లు గడ్డం చుట్టూ తిరిగి, ఎడమ చెవి కింద ఆగిపోయాయి.

"ఈడ ఇడ్సినావు" అంది, నాతో.

"అవ్వా, టైమవుతోంది. అక్కడ మా అన్న ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఆ నాలుగు వెంట్రుకలు పెండ్లిలో ఎవరు చూస్తారు?"

"చూసేదానికి నేనుండా కదా. దింపు మీ నాయన్ను."

దింపాము. కుర్చీ లేకపోతే శెనక్కాయల మూట మీద కూర్చోబెట్టాము. మరునాటి కోసమని కత్తి నా బ్యాగులోనే ఉంది. తలుపు గొళ్లేనికి అవ్వ తోలు పట్టా కట్టి పది సార్లు లాగాను. ఫోన్ మోగుతూనే ఉంది. అవ్వ వణికే రెండు వేళ్లతో నాయన గడ్డాన్ని పైకెత్తి పట్టుకుంది. నేను చెవి కింద, ఒక్కసారి, కిందికి దించాను.

ఆమె మళ్లీ తడిమింది. పై నుంచి కిందికి. కింది నుంచి పైకి. ఎక్కడా ఏమీ తగల్లేదు. అయినా ఆ చేతిని ఆయన చెంప మీద నుంచి కాసేపు తీయలేదు.

"ఊ" అంది. "ఇప్పుడు పోండి పెండ్లికి."